నడిచిన వడ్ల పొట్టు

మా అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయి ఇంకా వారం తిరగలేదు. ఒక పొద్దున డాబా మీద నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఓ పిల్లా, జర పైకి రా. గులాబాకు మీద వడ్ల పొట్టు నడుస్తున్నది."

నేను వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తున్నాను. సరిగా వినలేదేమోనని మెట్ల కిందికి వచ్చి, "ఏం నడుస్తున్నది అత్తమ్మా?" అని అడిగాను.

"పొట్టు. వడ్ల పొట్టు. ఆకు ఈ కొసకెల్లి ఆ కొసకు పోతున్నది. నువ్వొచ్చేదాంక ఉంటదో లేదో, బిరాన రా."

చేతిలోని కత్తి మెట్టు మీద పెట్టేశాను.

మాది మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక వీధి. కోతలు మొదలైతే మిల్లులు ఆగకుండా ఆడుతూనే ఉంటాయి. వీధి పొడవునా లారీలు నిలబడతాయి. గాలి ఇటు తిరిగిందంటే ఊక ఎగిరి వచ్చి మా డాబాల మీద పడుతుంది. ఆరేసిన చీరల మడతల్లో, నీళ్ల ట్యాంకు మూత మీద, ఎండబెట్టిన మిరపకాయల్లో, ఎక్కడ చూసినా పొట్టే. రోజూ ఊడుస్తాం, రోజూ పడుతుంది. అందుకని గులాబీ ఆకు మీద పొట్టు ఉందంటే నాకు వింత కాదు. అది నడుస్తున్నదంటేనే గుండె జారింది.

ఎందుకంటే ఆ ఆపరేషన్ పట్టుబట్టి చేయించింది నేను. అత్తమ్మ చాలా ఏళ్లు మా రైల్వే స్టేషన్ బయట మిరపకాయ బజ్జీల బండి నడిపింది. గొంతు పెద్దది, మాట గట్టిది. మామయ్య పోయాక బండి మానేసి, డాబా మీద పెయింటు డబ్బాల్లో గులాబీలు పెంచడం పెట్టుకుంది. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. పప్పులో ఉప్పుకు బదులు చక్కెర వేసిన రోజు కూడా "నా సూపు మంచిగనే ఉన్నది, డబ్బాలే ఒక్క తీరుగ ఉన్నయి" అని వాదించింది. నేనే బతిమాలి, అలిగి, ఒకసారి ఏడ్చి కూడా, సూర్యాపేటలో కంటి దవాఖానకు తీసుకుపోయాను. ఒక కన్నుకు చేయించుకోవడానికి ఒప్పుకుంది. లోపలికి పోయేముందు నా చెయ్యి పట్టుకొని, "కన్ను పోయిందంటే నీదే జిమ్మ" అన్నది. బాధ్యత నాదేనని నవ్వుతూ అన్నదే కానీ నా మనసులో అది ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడేమో పొట్టు నడుస్తున్నదంటున్నది.

పైకి పరుగెత్తాను. మా ఆయన కూడా వెనకాలే వచ్చాడు. ఆయన ఒక మిల్లులో మెకానిక్. డ్యూటీకి పోయే తొందరలో ఉన్నాడు. అత్తమ్మ నల్లద్దాలు పెట్టుకొని, ఎర్ర గులాబీ చెట్టు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. వేలితో ఒక ఆకు చూపింది. ఆకు మీద గోధుమ రంగులో, ఒక వడ్ల గింజ పొట్టంత, ఏదో ఉంది. కదలడం లేదు. మేం ముగ్గురం దాని వైపు చూస్తూ నిలబడ్డాం. కదలలేదు.

"ఇప్పటిదాంక నడిసింది," అన్నది అత్తమ్మ. "మిమ్ముల జూసి ఆగింది."

మా ఆయన నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "ఆపరేషన్ ఏమన్న తేడా కొట్టిందా?" అన్నాడు. దవాఖానకు ఫోన్ చేశాం. అక్కడ ఫోన్ ఎత్తిన అమ్మాయి, "నొప్పుందా? ఎర్రబడ్డదా? కళ్ల ముందర నల్ల చుక్కలు, దారాలు కదిలినట్టు కనవడుతున్నయా?" అని వరసగా అడిగింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. కదిలినట్టు కనపడటం మాత్రం ఉంది. ఎక్కువైతే వెంటనే తీసుకురమ్మని, లేకుంటే మామూలు చెకప్‌కు రమ్మని చెప్పింది. మేం ఎంత చిన్నగా మాట్లాడినా అత్తమ్మ వినే ఉంటుంది. ఆ రోజంతా ఆమె టీవీ పెట్టమనలేదు. చుక్కల మందు వేస్తుంటే తల వెనక్కి వాల్చి, పైకప్పు వైపు చూస్తూ ఊరుకుంది.

మర్నాడు ఆదివారం. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు. నేను పొద్దున్నే బట్టలు ఆరేయడానికి పైకి పోయేసరికి ఆమె అప్పటికే స్టూలు మీద ఉంది. ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. ఆకుల మీద మంచు తడి ఉంది.

"అత్తమ్మా, లోపలికి రా. ఈ దుమ్ములో కూసోవద్దన్నరు గదా."

"కూసో నువ్వు గూడ," అన్నది.

కాదనలేక కూర్చున్నాను. అదే ఆకు కాదు, దాని పై ఆకు. నిన్న కింద ఆకు మీద ఉన్న పొట్టు ఇప్పుడు పై ఆకు మీద ఉంది. గాలికి ఎగిరి పడిందేమో అనుకున్నాను. కానీ అది పడుకొని లేదు. ఒక కొస ఆకుకు ఆనించుకొని, రెండో కొస గాలిలోకి లేచి, ఏటవాలుగా నిలబడి ఉంది. గాలి ఆడినా పడిపోవడం లేదు. ఇంకొంచెం దగ్గరికి వంగాను. ఆకుకు ఆనుకున్న కొస దగ్గర నల్లగా, చీమ తలకాయంత ఏదో బయటికి వచ్చింది. ఆకును పట్టుకుంది. లాగింది. పొట్టు మొత్తం ఒక జర్క్‌తో ముందుకు జరిగింది. మళ్లీ తల బయటికి, మళ్లీ లాగుడు, మళ్లీ జరుగుడు.

అత్తమ్మ మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

"కనవడ్డదా?" అన్నది ఆమె.

"కనవడ్డది అత్తమ్మా. నడుస్తున్నది. నిజంగనే నడుస్తున్నది."

నేను లేచి పిట్టగోడ దగ్గరికి పోయి మా ఆయనను ఎంత గట్టిగా పిలిచానంటే, ఎదురింటివాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు. ఆయన నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు, తల్లికి ఏదో అయిందనుకొని. ఆకు చూపించాను. ఈసారి అది ఆగలేదు. ఆయన ముందు కూడా ఈనె మీద నుంచి దర్జాగా నడిచిపోయింది. ఆయన బ్రష్షు తీసి చేతిలో పట్టుకొని, నురగ మింగేసి, "ఓర్నీ, పురుగది. మీద అంగీ ఏసుకున్నది" అన్నాడు.

అప్పుడు అత్తమ్మ నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అంటే నా కన్ను ఖరాబ్ కాలే గదా," అన్నది. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. నిన్నంతా మాకంటే ఎక్కువ భయపడింది ఆమే అని అప్పుడు అర్థమైంది. నేను ఆమె చెయ్యి తీసుకొని నా బుగ్గకు ఆనించుకున్నాను. అట్లాంటి పని మా మధ్య అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు.

ఆ రోజు మా ఇంట్లో ఎవరూ టిఫిన్ చేయలేదు. ముగ్గురం చెట్ల మధ్య వంగి వెతుకుతూనే ఉన్నాం. ఒకటి కాదు, ఇంకా ఉన్నాయి. కొన్ని ఆకు అడుగున వేలాడుతున్నాయి. అవి ఉన్న చోట ఆకులో గుండ్రంగా, ఆకుపచ్చ పోయి, నూనె కాగితంలా మచ్చలు. వెలుగుకు పట్టి చూస్తే మచ్చ మధ్యలో సూది గుచ్చినంత రంధ్రం. ఆ మచ్చలు నేను నెల నుంచీ చూస్తున్నాను. చెట్టుకు తెగులు అనుకున్నాను.

"మందు తెస్తా సాయంత్రం," అన్నాడు మా ఆయన. "ఆకులన్నీ తినేటట్టున్నయి."

అత్తమ్మ స్టూలు మీద నుంచే అడ్డం పడింది. పురుగు కనపడితే చెప్పుతో కొట్టే మనిషి. వంకాయలో పురుగు వస్తే బజారు దాకా వినపడేట్టు తిట్టే మనిషి. "మందు లేదు గిందు లేదు," అన్నది. "నా కన్నుకు అది సాక్షి. దాని జోలికి పోవద్దు."

మా ఆడబిడ్డ కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. పెళ్లయి పోయినప్పటి నుంచి అక్కడే. మాట కూడా అటు ఆంధ్రా సరిహద్దు గాలి తగిలి మారింది. వీడియో కాల్ చేసి ఫోన్ ఆకు దగ్గర పెట్టాను. "వదినా, కదపకండి, ఏం కనపడట్లేదు" అని, తర్వాత "కొంచెం దూరంగా పెట్టండి" అని, చివరికి "ఫొటో పంపండి" అని పెట్టేసింది. ఫొటో చూసి మళ్లీ తనే చేసింది. గొంతులో తొందర.

"వదినా, మొదట సంచి పురుగు అనుకున్నాను. అదైతే పుల్లలు, ఎండుటాకులు అంటించుకుంటుంది. ఇది వేరు. నున్నగా ఉంది. దాని వీపు మీద రంపం పళ్లలాగా ఉన్నాయి చూశారా?"

"చూడలేదు."

"చూడండి. అది ఆకు అంచు. గులాబీ ఆకు అంచునే కత్తిరించి కట్టుకుంది. నేను వస్తున్నాను. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి, ముఖ్యంగా మా అమ్మను."

"మీ అమ్మనే కావలి కూసున్నది," అన్నాను.

ఆడబిడ్డ ఆగలేకపోయింది. హుజూర్‌నగర్ మీదుగా వచ్చే బస్సెక్కి మధ్యాహ్నానికల్లా మా ఇంట్లో ఉంది. భుజానికి సంచి, సంచిలో కాలేజీ నుంచి తెచ్చుకున్న చిన్న లెన్సు. చెప్పులు కూడా విప్పకుండా డాబా ఎక్కింది. ఆకు కింద ఉన్న ఒకదాన్ని లెన్సులోంచి చూసి, లెన్సు నా చేతికిచ్చి, "మీరు చూడండి" అన్నది.

కంటికి వడ్ల పొట్టులా కనిపించింది లెన్సులో మరోలా ఉంది. రెండు ఆకు పొరలు అంచులు కలిపి కుట్టినట్టున్న సన్నని గొట్టం. వెన్ను పొడుగునా గులాబీ ఆకు పళ్లు, ఎండి, గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. ఈనెల గీతలు కూడా కనిపిస్తున్నాయి. గొట్టం మూతి ఆకుకు అంటుకొని ఉంది. ఆకు లోపల, రెండు పొరల మధ్య, పసుపుపచ్చటి చిన్న ఒళ్లు ముందుకూ వెనక్కూ ఆడుతున్నది. పురుగు తన గూట్లోంచి సగం బయటికి వచ్చి, ఆకు పొరల మధ్య దూరి, లోపలి పచ్చదనం తింటున్నది. వెనక సగం గూట్లోనే ఉంది.

"ఇదేం చేస్తుందంటే," అని ఆడబిడ్డ పాఠం మొదలుపెట్టింది, కానీ పాఠంలా చెప్పలేకపోతున్నది, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "ఆకు లోపల తింటుంది. గూడు లేకుండా బయటికి రాదు. ఒళ్లు పెరిగి గూడు ఇరుకైతే, తిన్న చోటునే కత్తిరించి కొత్తది చేసుకుంటుంది. సీతాకోకచిలుకల వంశమే, రెక్కల పురుగు. పుస్తకాల్లో చదివాను. పిల్లలకు ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తాను. ఇంతవరకు కంటితో చూడలేదు, అమ్మా."

"నేను సూసిన," అన్నది అత్తమ్మ. "ఒక్క కన్నుతోని."

ఆ సాయంత్రం జరిగింది నేను ఎప్పటికీ మరిచిపోను. ఒక ఆకు అంచున ఉన్న పురుగు తినడం ఆపి, ఎంతకీ వెనక్కి రావడం లేదు. ఆడబిడ్డ లెన్సు పెట్టి చూస్తూ ఒక్కసారిగా నా భుజం పట్టుకుంది. "కోస్తున్నది," అన్నది. కోదాడ మాట ఎటు పోయిందో, చిన్నప్పటి మాట వచ్చేసింది. ఆకు పై పొరా కింది పొరా కలిపి, సన్నని గీత వెంట, లోపలి నుంచి అది కొరుకుతూ పోతున్నది. కొరికిన చోటల్లా వెనక నుంచి పట్టుతో కలిపేస్తున్నది. మేం లెన్సు ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కున్నాం. మా ఆయన మిల్లు నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, "నాకియ్యండి, నాకియ్యండి" అని వెంటపడ్డాడు. చీకటి పడేలోపు ఆ ముక్క ఆకు నుంచి విడిపోయింది. పురుగు కొత్త గూడు మోసుకొని నడిచింది. పాత గూడు ఖాళీగా ఆకు మీదే ఉండిపోయింది. ఆకు అంచున మాత్రం కత్తెరతో కోసినట్టు చిన్న నోరు.

"కోటు మార్సింది," అన్నాడు మా ఆయన. ఆ మాటకు మా అందరికీ ఎంత నవ్వొచ్చిందంటే అత్తమ్మ కంట్లో నీళ్లొచ్చాయి. నేను భయపడి పత్తితో తుడిచాను.

పేరేమిటని అడిగితే ఆడబిడ్డ తల అడ్డంగా ఊపింది. పురుగును చూసి వంశం చెప్పొచ్చట, కచ్చితమైన పేరు చెప్పాలంటే రెక్కలొచ్చాక చూడాలట. అత్తమ్మ మొదట చూసిన పురుగున్న కొమ్మకు నా పాత తెల్ల వాయిల్ చీర ముక్కతో సంచి కుట్టి తొడిగాం. ఆడబిడ్డ తిరిగి కోదాడ పోయింది. రోజుకు ఇన్నిసార్లని లేదు, ఫోన్ చేసేది. "తింటుందా వదినా?" "తింటున్నది." "నడుస్తుందా?" "నడుస్తున్నది." ఒక రోజు "నడవడం లేదు" అని చెప్పాల్సి వచ్చింది. ఒక ఆకు పై భాగాన మూతి గట్టిగా అంటించుకొని, అట్లాగే ఉండిపోయింది. మర్నాడూ కదల్లేదు. ఆ తర్వాతా కదల్లేదు. చచ్చిందేమో అని నాకు అన్నం సహించలేదు. బడిలో పిల్లలకు సంధులు చెబుతూ కూడా దాని గురించే ఆలోచించాను.

"లోపల మారుతుండొచ్చు," అన్నది ఆడబిడ్డ. "లేదా చచ్చిపోయి ఉండొచ్చు. చెప్పలేం. ఊపకండి."

అంతలో చెకప్ రోజు వచ్చింది. అత్తమ్మ ముందు రోజే చెప్పేసింది. "నేను లేనప్పుడు అది బయటికొస్తే? కొమ్మ కోసి సీసల పెట్టు. ఎంట తీస్కపోదాం."

"దవాఖానకా?" అన్నాడు మా ఆయన.

"దవాఖానకే. ఆడికెల్లి సక్కగ కోదాడ పోదాం, నా బిడ్డ జూస్తది."

కాదంటే ఆమె రాదు. పచ్చడి సీసా కడిగి, అడుగున తడి పత్తి పెట్టి, కొమ్మ నిలబెట్టి, మూతికి వాయిల్ గుడ్డ దారంతో కట్టాను. సూర్యాపేట బస్సులో ఆమె సీసాను ఒళ్లో రెండు చేతుల మధ్య పెట్టుకొని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా పైకెత్తి పట్టుకుంది. పక్క సీటులో ఒకామె, "ఏముందమ్మా సీసల?" అని అడిగింది.

"కాన్పు దగ్గరవడ్డది. నా బిడ్డింటికి తోల్కపోతున్న," అన్నది అత్తమ్మ, నవ్వకుండా. ఆ పక్క సీటామె మళ్లీ సూర్యాపేట వచ్చేదాకా మా వైపు చూడలేదు.

కంటి డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. గోడ మీద అక్షరాలు చదివించి, వేళ్లు లెక్కపెట్టించి, "చూపెట్లుందమ్మా ఇప్పుడు?" అని అడిగింది.

"మంచిగున్నది. పొట్టు నడిసేది గూడ కనవడ్డది."

డాక్టరమ్మ పెన్ను ఆపి నా వైపు చూసింది. నేను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. నాకు సిగ్గుగానే ఉంది, కానీ ఉత్సాహం అంతకన్నా ఎక్కువగా ఉంది. జరిగిందంతా గబగబా చెప్పేశాను. ఆమె విని, చేతి గడియారం చూసుకొని, తలుపు వైపు చూసి, "ఏదీ, ఇటివ్వండి" అన్నది.

కళ్లు పరీక్షించే మిషన్ ఉంటుంది కదా, గడ్డం ఒక పట్టీకి ఆనించి కూర్చుంటే అటు వైపు నుంచి డాక్టరు సన్నటి లైటు వేసి చూసేది. ఆమె కొమ్మను మెల్లగా బయటికి తీసి, గడ్డం ఆనించే చోట ఆకు వచ్చేట్టు పట్టుకొమ్మని నాకిచ్చింది. తను అటు కూర్చొని లైటు వేసింది. చక్రం తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. ఆకు కదలకుండా నేను మోచేయి బల్లకు ఆనించుకున్నాను. తలుపు తోసుకొని నర్సు వచ్చి ఎవరో పేషెంటు పేరు చెబితే, "ఒక్క నిమిషం, నువ్వూ చూసిపో" అన్నది డాక్టరమ్మ.

నర్సు చూసింది. తర్వాత డాక్టరమ్మ లేచి, "అమ్మా, మీరు ఇటొచ్చి కూర్చోండి" అని అత్తమ్మను తన కుర్చీలో కూర్చోబెట్టింది. మా అత్తమ్మ డాక్టరు కుర్చీలో కూర్చొని, చీర కొంగు సర్దుకొని, కన్ను ఆనించింది.

"లైటు లోపలికి పోతున్నది. ఒక నల్లటి నీడ కనబడుతుందా?" అన్నది డాక్టరమ్మ వెనక నిలబడి.

"కనవడుతున్నది." తర్వాత అత్తమ్మ, మిషన్ నుంచి కన్ను తీయకుండానే, చాలా చిన్నగా, "కదిలింది," అన్నది.

డాక్టరమ్మ వంగి ఇంకో కన్నుగొట్టంలోంచి చూడబోయి ఆగి, "నన్ను చూడనివ్వండమ్మా" అన్నది. అత్తమ్మ తల పక్కకు జరిపితే ఆమె వంగి చూసింది. నన్నూ అట్లాగే చూడనిచ్చింది, కొమ్మను నర్సు పట్టుకుంటే. వెలుగులో ఆ గూడు పాత ఫొటో కాగితంలా మెరుస్తున్నది. లోపల సన్నటి ముదురు ఆకారం. నేను ఊపిరి పట్టి చూస్తుంటే దాని కొస ఒక్కసారి మెలి తిరిగింది. బతికే ఉంది. నాకు అక్కడే కూర్చొని ఏడవాలనిపించింది.

డాక్టరమ్మ నెమ్మదిగా రెండో కంటి సంగతి ఎత్తింది. అది కూడా ముదిరిందని, తొందర లేదు కానీ ఆలోచించుకొమ్మని చెప్పబోయింది. అత్తమ్మ ఇంకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"ఎప్పుడు చేస్తవమ్మా?" అన్నది. దారి పొడుగునా ఆ మాట ఎట్లా ఎత్తాలా అని నేను పడ్డ పరేషాన్ అంతా అక్కడే ఖతమైంది.

కోదాడలో ఆడబిడ్డ బస్టాండుకే వచ్చింది. తల్లిని పలకరించడానికి ముందు సీసాను పలకరించింది. ఆ రాత్రి సీసా వాళ్ల హాలు కిటికీ దగ్గర ఉంది. పొద్దున నేను లేచేసరికి తల్లీకూతుళ్లు ఇద్దరూ కిటికీ ముందు నేల మీద కూర్చొని ఉన్నారు. టీ గ్లాసులు పక్కన చల్లారిపోతున్నాయి.

"వదినా, మాట్లాడకండి. రండి," అన్నది ఆడబిడ్డ గుసగుసగా.

గూడు వెనక కొస తెరుచుకుంటున్నది. మూతి వైపు నుంచి కాదు, పైకి లేచి ఉన్న కొస నుంచి. మొదట రెండు సన్నని మీసాలు వచ్చాయి. తర్వాత తల. తర్వాత, ఇంత చిన్న గూట్లో ఇంత పొడుగు ఒళ్లు ఎట్లా పట్టిందా అన్నట్టు, తడిసి ముడుచుకున్న శరీరం జారుతూ వచ్చింది. గూడు మీదనే నిలబడింది. రెక్కలు కనీకనపడని ముడతలుగా ఉన్నాయి. మేం చూస్తుండగానే అవి సాగాయి. గడ్డి పరక రంగు, మీద బూడిద పూత, అంచున దువ్వినట్టు సన్నని కుచ్చు. మీసాలు రెండూ కలిపి సూటిగా ముందుకు చాచి, సన్నటి పుల్లలా, అది కిటికీ వెలుగు వైపు తిరిగింది. అంత అందమైన చిన్న ప్రాణిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆడబిడ్డ ఫోన్‌తో ఫొటోలు తీస్తూ, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ తీసింది.

కాసేపటికి ఆమె లేచి కాలేజీ సంచిలోంచి ఒక చిన్న గాజు గొట్టం తెచ్చింది. దాని అడుగున పురుగులను చంపే మందు తడిపిన పత్తి ఉంది. "అమ్మా, పేరు తెలియాలంటే దీన్ని ఉంచుకోవాలి," అన్నది. "ఫొటోతో తేలదు. రెక్కలు పరిచి, లోపలి భాగాలు చూస్తేగానీ చెప్పలేరు. మన దగ్గర గులాబీ మీద ఇట్లాంటిది ఉన్నట్టు నాకైతే తెలియదు. ఎంత ముఖ్యమో నీకు తెలుసా?"

"సంపుతవా?"

"చంపాలి."

అత్తమ్మ రెక్కల పురుగునే చూస్తున్నది. కోపం రాలేదు, బతిమాలనూ లేదు. "మొన్నటిదాంక నేనే నలిపేసెదాన్ని. నువ్వు చేసేది తప్పని అంటలేను," అన్నది. "గని గిది నా కన్ను మంచిగున్నదని అందరికి చెప్పింది. దీన్ని ఇడువు. డాబా మీద ఇంకా ఉన్నయి. అండ్లకెల్లి నేనే ఒకటి నీకు ఏరిస్త. నాకు తెల్వనిదాన్ని తీస్కపో."

ఆడబిడ్డ గాజు గొట్టం చేతిలో తిప్పుతూ చాలాసేపు నిలబడింది. తనకు ఎంత కష్టమైందో ముఖంలో కనిపించింది. చివరికి గొట్టం సంచిలో వేసి, సీసా మూతికున్న దారం విప్పింది. పురుగు వెంటనే ఎగరలేదు. గాజు మీద పైకి నడిచి, అంచున కూర్చొని, మీసాలు సరిచేసుకుంది. నేను తల తిప్పి మళ్లీ చూసేలోపు అక్కడ లేదు. ఎటు పోయిందో ముగ్గురిలో ఎవరం చూడలేదు.

మాట ప్రకారం అత్తమ్మ ఆ తర్వాతి ఆదివారం డాబా మీద లెన్సు పట్టుకొని ఒక కొమ్మ ఏరి ఇచ్చింది. దాంట్లోంచి వచ్చిన పురుగును ఆడబిడ్డ తీసుకొని, తనకు చదువు చెప్పిన ఒక పెద్దాయన ద్వారా, ఇట్లాంటివి చూసేవాళ్లకు పంపింది. చాలా రోజులకు జవాబు వచ్చింది. వంశం ఆమె చెప్పిందే. పేరు మాత్రం ఇంకా తేలలేదు, ఇంకొన్ని పంపమన్నారట. ఈ సంగతి చెప్పడానికి ఆమె ఫోన్ చేసినప్పుడు అందరం భోజనానికి కూర్చున్నాం. స్పీకర్ పెట్టాను.

"అమ్మా, ఇంకో మాట," అన్నది ఆడబిడ్డ. "పురుగు కింద చిన్న చీటీ పెడతారు. ఎక్కడ దొరికింది, ఎవరికి దొరికింది అని. మిర్యాలగూడ అని రాసి, నీ పేరు రాయించాను."

అత్తమ్మ ముద్ద చేతిలోనే ఆపింది. "నా పేరా?"

"నీ పేరే. నువ్వే కదా మొదట చూసింది."

"ఇంటిపేరు గూడ రాసిన్రా?"

"రాశారమ్మా."

"ఏ ఇంటిపేరు? మీ నాయినదా, మా తల్లిగారిదా?"

అవతల నుంచి ఆడబిడ్డ, "నాన్నదే రాశారు. నీది అడగాలని నాకు తట్టలేదు," అన్నది.

"ఇంకొన్ని పంపుమన్నరంటివి గదా," అన్నది అత్తమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "వాటికి మా తల్లిగారిది రాయించు."